వేళ్లతో మొదటి మూడు చుట్లు

కాలవకి నీళ్లొదిలి పన్నెండు రోజులు.
ఆచంట దాటాక పుంతలో
ట్రాక్టరు పక్కన మోకాళ్ల మీద నేను.
దమ్ము చక్రాలు విప్పాలి, రబ్బరు చక్రాలు ఎక్కించాలి.
ఇనప పళ్లతో తారురోడ్డెక్కితే
రోడ్డు ఊరుకున్నా పంచాయితీ ఊరుకోదు.

ఒకప్పుడు దీనికి ఇద్దరం.
ఒకడు పానా పట్టుకుంటే
ఒకడు దాని కాడకి తొడిగిన నాలుగడుగుల గొట్టమెక్కి ఊగేవాడు.
తుప్పు నట్టు ఒక్కసారి వదిలిందా,
ఊగినోడు దబ్బున బోదెలో.
మా దానియేలు మేస్త్రి పడ్డవాళ్లని లెక్కపెట్టేవాడు:
"ఈ సార్వాకి ఏడుగురు."

ఇప్పుడు ఒక్కణ్నే.
చేతిలో తీగలేని గన్ను,
పురిటిబిడ్డంత బరువు.
మీట నొక్కితే మామూలుగానే తిరుగుతుంది,
నట్టు మొండికేసిందో
లోపల సుత్తి లేస్తుంది.
టకటకటకటక
చేలో కొంగలు లేచిపోతాయి.

చూస్తున్నావా ఏసుపాదం,
మీ తాత నాకు చెప్పనివి నీకు చెప్తున్నాను,
ఆయనకీ గన్ను తెలీదు కాబట్టి.
నెట్టకు దాన్ని.
కొట్టడం దాని పని, తిన్నగా ఉండటం నీది.
మెరిసే సాకెట్లు పెట్టెలోనే ఉండనీ,
అవి చేతిపానాకి పుట్టినవి,
ఈ దెబ్బకి పగిలి కంట్లోకొస్తాయి.
నల్లవి తియ్యి. నల్లవే ఓర్చుకుంటాయి.
కళ్లద్దాలు నెత్తి మీద కాదురా, కళ్ల మీద.
ఆ మెళ్లో తువ్వాలు తీసి గట్టున పడేయ్,
తిరిగేదానికి గుడ్డంటే మహా ఇష్టం.
సాకెట్టు మార్చేముందు బ్యాటరీ ఊడదియ్యి.
దాన్ని తడిలో పెట్టకు, ఎండలో పెట్టకు,
నా అన్నం క్యారియరు పక్కన పెట్టు, నీడలో.
జాకీ కింద తాడిపలక వేశావా?
ఒండ్రు ఇనుముని మింగేముందు
ఎవరికీ చెప్పదు.

బిగించేటప్పుడు మాత్రం ఆగు.
గన్ను కింద పెట్టు.
మొదటి మూడు చుట్లు వేళ్లతో.
మర మరలో పడిందో లేదో
వేలికే తెలుస్తుంది.

నిరుడు నాకు తొందర.
చినుకులు మొదలయ్యాయి, ఇంకో ట్రాక్టరు ఎదురుచూస్తుంది.
నట్టు మూతికి ఆనించి నేరుగా మీట నొక్కేశాను.
గట్టిగానే పట్టింది, ఎంత గట్టిగానంటే
మర వంకర పోయిన సంగతి కూడా
ఆ గట్టిదనంలోనే దాక్కుంది.
లాకుల దగ్గర కాలవగట్టు మీద
వెనక తొట్టిలో పదకొండుమంది ఊడ్పు కూలీలు.
నాగరత్నం అనే ఆవిడ తొట్టి రేకు మీద దబదబా బాదింది:
"ఆపు బాబూ, చక్రం ఏదో గొణుగుతుంది."
దిగి చూస్తే
ఎనిమిదింట్లో మూడు స్టడ్లు తెగి ఉన్నాయి.
నాలుగోది నా చేతికే వచ్చేసింది.
పక్కన కాలవ నిండుగా, నిమ్మళంగా పోతుంది.

ఆవిడ ఏమీ తిట్టలేదు.
తెగిన ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి
కొంగున కట్టుకుంది.
ఎందుకో అడగలేదు నేను.

అందుకే, గన్ను బలం నమ్ము,
దాని తూకం నమ్మకు.
ఒకటి బిగించాక పక్కది కాదు, ఎదురుగా ఉన్నది.
చివరికి పొడుగుకాడ టార్కు రెంచి తియ్యి,
"కట్" మనేదాకా లాగు.
అన్నాక మరి ఒక్క పీకుడు కూడా వద్దు,
మగతనం చూపించుకోడానికి వేరే చోట్లున్నాయి.
పది కిలోమీటర్లు పోయాక
మళ్లీ ఆపి మళ్లీ చూడు.

మొన్న ఊడ్పులకి నాగరత్నం తొట్టి ఎక్కుతూ
కొంగు ముడి తడుముకుని అడిగింది:
"వేళ్లతో తిప్పావా?"
తిప్పానమ్మా అన్నాను.
అయినా దిగి
ఎనిమిదీ ముట్టుకుని చూసి ఎక్కింది.

రాత్రి అన్నం కలుపుతుంటే
కుడిచెయ్యి ఇంకా టకటకమంటుంది.
ముద్ద వేళ్లలోంచి జారి పళ్లెంలో పడుతుంది.
ఏసుపాదం, రేపు వచ్చేటప్పుడు
ఆ మందపాటి చేతితొడుగులు రెండు జతలు తే.
ఒకటి నీకు.