మిగిలిన ముక్క

చుక్క ముట్టలేదు నేను.
టగ్గు మీద ఇరవయ్యేడేళ్లు ఇంజను కాసినవాణ్ణి,
హార్బర్లో ఈ మాట చెబితే నవ్వుతారు.
కేజీహెచ్‌లో స్కాను తీసిన కుర్రాడూ నవ్వాడు,
"ఎన్నేళ్ల నుంచి బాబాయ్, తాగుడు?"
నూకరత్నం వాడి మీదకి లేచింది:
"టీ తప్ప ఏటీ ముట్టడు నా మనిషి.
గ్లాసుకి నాలుగు చెంచాల పంచదార, అదే ఆయనకి మందు."

అదేనట.
పూర్ణా మార్కెట్ మిఠాయిలు, రాత్రి డ్యూటీ పరోటాలు,
కుర్చీలోంచి కదలకుండా చూసిన సముద్రం
అన్నీ పోయి కార్జంలో కొవ్వుగా పేరుకున్నాయి.
ఆ కొవ్వులో, నిమ్మకాయంత గడ్డ.

ఆరిలోవ ఆస్పత్రిలో డాక్టర్ హేమలత కాగితం మీద బొమ్మ గీసింది.
యారాడ కొండ పక్కకి ఒరిగినట్టుంది.
"ఇంత కోసేస్తాం. ఇంత ఉంచుతాం.
మంచి కార్జమైతే మళ్లీ తొందరగా పెరుగుతుంది.
మీది కుట్టు వేస్తే వెన్నలా తెగుతుంది.
మిగిలిన ముక్క మిమ్మల్ని మోస్తుందో లేదో
తొంభై రోజులు దాటితే గాని చెప్పలేను."

నూటికి ఎంతమంది, అనడిగాను.
చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను.
ఆ రాత్రి నూరుమందినీ వరసగా నిలబెట్టి చూశాను.
ఎవరి మొహమూ కనపడలేదు,
అందరూ కట్టుకున్నవి నా లుంగీలే.

కార్జం చిక్కాలని ఆరు వారాలు గడువిచ్చింది.
తెల్లారి బీచ్ రోడ్డులో బళ్లు ఆపేసే వేళ
సబ్‌మెరైన్ నుంచి పార్కు హోటల్ దాకా నడిచాను.
నిన్నటి ముంతమసాలా వాసన ఇంకా ఇసకలోనే ఉండేది.
నేను తగ్గేలోపు గడ్డ పెరిగితే?
ఆమె చెప్పలేదు, నేనడగలేదు.
పెద్ద ఓడ బెర్తుకి ఆనుకునే ముందు
టగ్గులో అందరం అలాగే మాట మానేసేవాళ్లం.

ఏడు గంటలు కోశారట.

మూడోరోజుకి కళ్లు పచ్చబడ్డాయి.
ట్యూబు చివర సంచీలో ముందు ఎర్రగా, తర్వాత టీ రంగులో.
"సూడు, నీకిష్టమైందే వస్తంది" అంది నూకరత్నం,
నవ్వబోయి, బయటికెళ్లిపోయింది.

పక్క మంచం గౌరీశు. అదే జబ్బు, అదే కోత, నాకన్నా సన్నం.
తొమ్మిదోరోజు అతని పరుపు తిరగేశారు.
ఆ సాయంత్రం హేమలత నా చార్టు రెండుసార్లు చదివింది,
అటువైపు చూడలేదు.

ఇవాళ అరవై మూడు.
కేలండర్లో పాలవాడి లెక్క పక్కనే
నూకరత్నం గీట్లు పెడుతోంది,
ఏవి పాలో ఏవి నేనో ఆమెకే తెలియాలి.
చప్పటి టీ పట్టుకుని డాబా ఎక్కాను.
ఔటర్ హార్బర్లో టగ్గు ఒకటి
తనకి పదింతల ఓడని పక్కనుంచి నెడుతోంది.
దాని ఇంజనెంతో నాకు తెలుసు.
ఆ చప్పుడు కోట వీధి దాకా రాదు.
డొక్క మీద చెయ్యేసుకుని
అయినా వింటున్నాను.