నలభై అడుగులు

ఈలీ ఊళ్లో నవంబరు మంగళవారం,
సున్నాకి ఆరు డిగ్రీలు కింద.
బడి జిమ్ తలుపు దగ్గర గంట మోగింది.
బయట కార్లో ఓటరు ఉంది, దిగలేదు,
బ్యాలెట్టే ఆమె దగ్గరికి వెళ్లాలి.

ఒక పార్టీవాళ్లే తీసుకెళ్లకూడదని ఇక్కడి చట్టం.
అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు
కలిసి నడవాలి.
ఆ వేళకి బల్ల దగ్గర మిగిలింది
నేనూ, డ్వేన్ లాహ్తీ.

మార్చి నుంచి మాకు మాటల్లేవు.
రాగి గని మీద సిటీ హాల్లో సభ జరిగిన రాత్రి
"నువ్వొచ్చి ఆరేళ్లు.
మా తాత ఈ నేల కింద ఊపిరితిత్తులు వదిలిపోయాడు" అన్నాడు.
"అందుకేగా మనవలకీ అదే కావాలంటున్నావు" అన్నాను.
ఆ మాట నాదే.
క్లినిక్‌లో రోజూ ఊరందరి నెత్తురూ తీసేదాన్ని,
సూది ఎక్కడ దిగుతుందో నాకు బాగా తెలుసు.

తలుపు నుంచి కారుకి నలభై అడుగులు.
మంచు మీద ఉప్పు చల్లడం ఎవరో మరిచిపోయారు.
బ్యాలెట్ నా చేతిలో, పెన్ను ఆయన చేతిలో.
చట్టం అలా పంచలేదు,
నమ్మకం లేక మేమే పంచుకున్నాం.

కార్లో ఆర్డిస్ మెర్హార్. తొంభై ఒకటి.
ముక్కుకి ఆక్సిజన్ గొట్టం,
ఒళ్లో అట్టముక్క.
పెన్ను రాయలేదు, సిరా గడ్డకట్టింది.
డ్వేన్ దాన్ని తీసుకుని చంకలో పెట్టుకున్నాడు,
జ్వరం చూపించుకుంటున్న పిల్లాడిలా.
నవ్వొచ్చింది. మింగేశాను.

"అటు తిరగండి ఇద్దరూ" అంది ఆర్డిస్.
"నా ఓటుతో మీకేం పని?"

తిరిగాం.
ఎనిమిది నెలలుగా ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లం
ఆమె గుట్టు కాపాడటానికి
ఒకేవైపు చూశాం.
మూతబడ్డ గని తాలూకు ఇనుప గోపురం,
దాని వెనక, గని కుంగిన గుంటలో నిండిన సరస్సు,
అంచుల్లో అప్పుడే గడ్డకడుతూ.
ఆయన గోపురాన్నే చూశాడో,
నేను నీళ్లనే చూశానో.

ఆమెకి పావుగంట పట్టింది.
కాళ్లు మొద్దుబారాయి.
మధ్యలో ఒక్కసారి
"స్కూలు బస్సుకి మా మనవడి స్టాపులో ఇప్పుడు వాడొక్కడే" అన్నాడు,
నాతోనో, చలితోనో.
ఊఁ కొట్టాను. అంతకు మించి ఇవ్వలేదు.

రాత్రి లెక్కలో ఒకటి తగ్గింది.
సంతకాలు నాలుగొందల పన్నెండు,
బ్యాలెట్లు నాలుగొందల పదకొండు.
ఫోన్లలో దేశం అప్పటికే అరుచుకుంటోంది.
ఆయన పైకి చదివితే నేను గీతలు గీశాను,
నేను చదివితే ఆయన.
మూడోసారికి దొరికింది, కోట్ల కుప్ప కింద.
మెషీన్‌లో ఆయన పెడతాడని నేనూ,
నేను పెడతానని ఆయనా వదిలేసిన
ఆర్డిస్ కవరు.
మాకు మాటల్లేక
ఆమె ఓటు పోబోయింది.

తప్పు జరిగిందని రాసి, కింద ఇద్దరం సంతకం పెట్టాం.
ఎవరి కారు మంచు వాళ్లు గీక్కుని వెళ్లిపోయాం.

జనవరిలో మళ్లీ సభ. అదే హాలు, అవే కిర్రుమనే కుర్చీలు.
మా ఇంటి ముందు నా బోర్డు అలాగే ఉంది, వాళ్లింటి ముందు ఆయనది.
నా తర్వాత మైకు ఆయన అందుకున్నాడు.
"ముందు ఆమె ఏమందో చెప్తాను, తప్పైతే ఆపమనండి."
గంధకం గురించి చెప్పాడు,
సరస్సుల్లో దానంతటది మొలిచే వరి గురించి,
ఒకసారి పాడైతే తిరిగిరాని నీళ్ల గురించి,
నాకంటే నెమ్మదిగా, నాకంటే బాగా.
"అంతేనా?"
"అంతే."
"అయితే నేనొప్పుకోను" అన్నాడు.
హాలంతా నవ్వింది. నేనూ.

తర్వాత నా వంతు.
ఆయన మాటని ఆయనే ఔననేలా చెప్పాలి.
ఉద్యోగాలు అన్నాను. తల కదల్లేదు.
జీతాలు, పింఛన్లు అన్నాను. ఊహూఁ.
వెనక వరసలో ఎవరో దగ్గారు.
అప్పుడు గుర్తొచ్చింది ఆ స్టాపు,
తెల్లారకముందు, వీధిదీపం కింద,
పక్కన ఇంకెవరూ లేని పిల్లాడు.

"అదీ" అన్నాడు డ్వేన్.