ఉప్పునీళ్లు

జగదీశ్ మార్కెట్ల నా బల్ల రెండడుగుల వెడల్పు.
ఒక దీపం, ఒక భూతద్దం, మూడు చిమ్టాలు,
కుడి మోకాలు మీద పాత తువ్వాల.
అదెందుకని ఎవరన్న అడిగితే
సామాను తుడిచేటందుకు అంట.
తుడిచేది చేతులు.

డిసెంబర్ల గూడ అంతే.
పక్క బల్ల ఖలీల్ భాయ్ మఫ్లర్ చుట్టుకొని
చాయ్ గ్లాసుకు వేళ్లు కాపుకుంటుంటే
నా అరచేతుల గీతలెంబడి నీళ్లు ఊరుతుంటయి.
పైన మబ్బుండదు, కింద వాగు పారుతుంటది.

బోర్డు మీద చుక్క పడ్డదంటే
వారం దినాలకు పచ్చగ చిలుము.
నేను బాగు చేసిన ఫోను
నా ఉప్పుతోనే ఖరాబై మళ్ల నా దగ్గరికే వచ్చేది.
"కంపెనీ మాలే గట్లున్నది" అంటుంటి.
మాలు మంచిదే.

గ్లౌజులు ఏస్కొని చూసిన.
మధ్యాహ్నం చెయ్యి పైకెత్తితే
మోచేతి దాక కారింది.

పదో తరగతి పరీక్షల చేతి కింద దస్తీ పెట్టుకొని రాసిన.
చీటీలున్నయేమోనని సారు మూడుసార్లు దులిపిండు.
సాంఘికశాస్త్రం పేపర్ల కాకతీయుల చెరువులన్ని
ఒక్క నీలి మరకయి పోయినయి.
ఆ మరకకు ఎన్ని మార్కులేసిండ్రో తెల్వదు,
పాసయితే అయిన.

"భయపడుతున్నవురా, అందుకే" అనేటోడు నాయిన.
కాదు.
ముందుగాల చెమట వచ్చేది,
ఎవరన్న చూస్తరేమోనని
భయం దానెనుక ఉరికొచ్చేది.
దానికి మళ్ల చెమట.

అమ్మమ్మ పటిక అరగదీసింది.
ఎవరో తాయెత్తు కట్టిండ్రు,
దారం తడిసి రంగు పోయింది.

ఆధార్ సెంటర్ల మిషన్ నా వేలును ఒప్పుకోలే.
"తుడుచుకో అన్నా." తుడిచిన.
"మళ్ల తుడుచుకో."
నా ఎనుక లైన్ల నలభై మంది.
నేను నేనే అని చెప్పనీకి
నా చెయ్యే అడ్డమొచ్చింది.

నల్లకుంట డాక్టరమ్మ, వకుళ ఆమె పేరు,
పగిలిన ఫోను తెచ్చింది. ఫోను దిక్కు చూడలే,
తువ్వాల దిక్కు చూసింది.
"దీనికి పేరున్నది బాబూ" అన్నది.
ముప్పై ఒక్క ఏండ్లకు
నా చేతులకు నామకరణం!
నోరు తిరగక చీటీ మీద రాయించుకున్న.
ఇల్లు చేరేవరకు చీటీ మెత్తబడ్డది.

"గ్రంథులల్ల తప్పు లేదు,
నరాలే ఊకె నల్లా తిప్పుతున్నయి" అన్నది.
తప్పు లేదు అన్న మాట
బస్సుల పొంటి, అఫ్జల్‌గంజ్ దాక మనసుల తిప్పుకుంట పోయిన.

ముందు రాత్రిపూట రాసుకునే మందు.
పొడి చెయ్యి మీదనే రాయాలంట.
పొడి చెయ్యే ఉంటే మందెందుకమ్మా?
ఆమె నవ్వింది, నేను గూడ.
మంట తప్ప మార్పు లేదు.

తర్వాత రెండు ట్రేలు, నీళ్లు, సన్నటి కరెంటు.
పదిహేను మిల్లీ ఆంపియర్లు.
ఫోను ఛార్జింగు కంటె తక్కువని నాకు తెలుసు,
అయినా జడుసుకున్న.
తీరా చూస్తే ముల్లు కదలలే.
మంజీరా నీళ్లు మరీ మంచియి,
కరెంటును మోస్తలేవు.
"మీ ఇంటి బోరు నీళ్లు పట్కరా" అన్నది.

కుషాయిగూడ బోరు.
బకెట్ అంచుకు తెల్లగ కట్టేటియి,
పప్పు ఉడకనియ్యనియి,
మా ఆమె పొద్దున లేస్తే తిట్టే నీళ్లు.
అవి పోస్తే ముల్లు సర్రున లేచింది.
వేళ్లల్ల చీమలు పారినట్టు.
ఇరవై నిమిషాలు, వారానికి మూడుసార్లు,
దేన్నీ పట్టుకోకుండ ఊకె కూసున్న.

"మానేస్తే మళ్లొస్తది" అన్నది ముందే.
రానీ. బోరు ఎండలే ఇంకా.

నిన్న రాత్రి గల్లా మూసేటప్పుడు
పది రూపాయల కట్ట లెక్కపెడుతున్న.
నోట్లు విడిపడుతలేవు, బొటనవేలు ఊకె జారుతున్నది.
మిషన్ కంటె జల్దీ లెక్కపెట్టేటోణ్ణి.
ఖలీల్ భాయ్ ఏమనలే.
తన స్పాంజి డబ్బా నా దిక్కు జరిపిండు.

వేలు తడుపుకున్న.
లెక్క రెండుసార్లు తప్పింది.
మూడోసారి కావాలనే తప్పిన.