పసుపు సంచి

ముందు పడవ తిరగబడింది.
తర్వాతే అల కనబడింది.

సిసిమియుట్ రేవులో పదకొండేళ్లుగా
పిల్లలకు చెబుతున్నదాన్ని:
తెడ్డు పైకి చాపండి, నడుముతో పడవను తిప్పండి,
తల అన్నిటికంటే ఆఖర్న లేవాలి.
తలకే తొందరెక్కువ, దాని మాట వినకండి.

ఆ రోజు నా తల నా మాట వినలేదు.

ఒకసారి. ఆకాశం ముక్కుదాకా వచ్చి వెళ్లిపోయింది.
రెండోసారి. అదీ లేదు.
మూడోసారికి చెవుల్లో చలి సూదులై దిగింది.
పచ్చటి చీకట్లో నా చేతులు
ఎవరివో అయినట్టు దూరంగా కదులుతున్నాయి.

మా తాత ఇల్లాంగువాక్ అనేవాడు,
పడవలోంచి ఊడిపడ్డవాడు
వేటగాడూ కాదు, సీలూ కాదు, వట్టి మాంసమని.
ఆ మాటే నడుం చుట్టూ రబ్బరు తొడుగై బిగిసి ఉంది.
వేళ్లతో ముందంచు తడిమి పట్టీ లాగాను.
ఊడింది.
పుట్టినప్పుడు కూడా
ఇంత తేలిగ్గా బయటపడి ఉండను.

ఒక చేత్తో పడవ, ఒక చేత్తో తెడ్డు.
ఏది వదిలినా గాలి పట్టుకుపోతుంది,
నన్ను మాత్రం ఇక్కడే ఉంచేసి.

వెనక తాళ్ల కింద పసుపు సంచి.
ఫ్యాక్టరీలో నా పక్కన రొయ్యలేరే తుపెర్న ఇచ్చింది,
ఎవరో టూరిస్టు వదిలేసి పోయాడట.
రెండేళ్లుగా దాన్ని చూసి పిల్లలు నవ్వారు.
నేను వాళ్లకంటే గట్టిగా నవ్వాను.

తెడ్డు చివర తొడిగి ఊదాను.
పెదాలు మొద్దుబారి
సగం ఊపిరి సముద్రానికే పోయింది.
మిగతా సగం సంచిలో నిలిచింది.

బోర్లా పడ్డ పడవను వెల్లకిలా తిప్పి
తెడ్డును తాళ్లలో దోపి,
దానిమీద ఒక మడమ వేసి
తోకవైపు ముఖం పెట్టి పొట్టమీద పాకాను,
ముసలి సీలు బండెక్కినట్టు, అంత వికారంగా.
బరువంతా సంచి వైపే.
అవతలికి ఒక్క ఆలోచన ఒరిగినా మళ్లీ మొదటికే.
కాళ్లు లోపలికి. మెల్లగా. ఛాతీ ఎత్తకుండా
తిరిగి, తిరిగి

కూర్చున్నాక చూస్తే
నడుం లోతు సముద్రం నాతోపాటే కూర్చుని ఉంది.
పంపు కొట్టాను. డెబ్బైదాకా లెక్క గుర్తుంది.
తర్వాత మళ్లీ ఒకటి నుంచి.

మంగళవారం పాఠానికి తెడ్లు ఇవ్వలేదు.
అందరి చేతా సంచి ఊదించాను.
ఇవాలు ముక్కు చిట్లించింది:
"ఇది పైకి లేవడం రానివాళ్లకి కదా?"

అవును, అన్నాను.
ఊదు.