పరుపు కింద పలక

చిత్తూరు పెద్దాసుపత్రి. రాత్రి రెండున్నర.
తోతాపురి లోడు దించుతా కూలబడినాడంట,
చొక్కా నిండా మామిడి సొన వాసన.

"పరుపు మెత్తగుంది, పలకెయ్యండి!" అని అరిచాను.
లేకుంటే మన నొక్కుడంతా దూదే తాగేస్తుంది.

ముప్పై. రెండు ఊపిర్లు. మళ్ళీ ముప్పై.
నా మోచేతులు వంగేలోపే
రెడ్డెమ్మ సిస్టరు చేతులు దించింది.
గీత వణికింది. షాకు.
ఆగి చూసే తీరిక లేదు, మళ్ళీ నొక్కాం.

నాడి దొరికింది.

తెల్లారేసరికి కేసుషీటు నిండింది:
మందు, మోతాదు, టైము.
గేటు బయట కాటా మునెయ్య
అరచేతులు చూసుకుంటా కూచోనుండాడు.
"ఆటో వచ్చేదాకా నేనే నొక్కినా మేడం,
ఆటోలో కూడా.
లోపల ఎముక పుటుక్కుమనింది.
తప్పు చేసినానా?"

ఆ పుటుక్కుకు
షీటులో గడి లేదు.