మన వంతు, వాళ్ల విమానం

గన్నవరం ఏప్రాన్ మీద
సాయంత్రం ఆరవుతున్నా సెగ తగ్గలేదు.
రోహిణి కార్తె. రోళ్లు పగిలాయో లేదో తెలీదు గానీ
మస్తాన్‌వలి బూటు అడుగు ఊడి
ట్రాక్టరు పక్కన నాలుక చాపుకుని పడుంది.

హైదరాబాదు విమానం
తలుపు తెరుచుకునే ఉంది.
శంషాబాదు మీద గాలివాన.
ఢిల్లీలో ఏదో గదిలోంచి వచ్చింది కబురు:
మీ వంతు ఆరూ నలభై ఏడు.
అందాకా నేల విడవొద్దు.

"ఇక్కడ చుక్క లేదు, వానెక్కడమ్మా?"
గేటు దగ్గర ఒకాయన, ఒళ్లో
నున్న మార్కెట్టు చిన్నరసాల బుట్ట.
బెజవాడ ఔటర్లో ఎప్పుడైనా ఆగారా అండీ, అన్నాను.
"ఆగనివాడెవడు!
కృష్ణా కెనాల్ దగ్గర ఊరు కనపడుతూనే ఉంటుంది,
రైలు కదలదు."
అదేనండీ.
పైన పట్టాల్లేవు ఆగడానికి.
నల్గొండ మీద గిరగిరా తిరగాలి, ఇంధనం తాగుతూ.
అందుకని ఆ ఔటరుని ఇక్కడికే తెచ్చుకున్నాం.
ఏసీలో కూర్చోండి.
నవ్వలేదు. కూర్చున్నాడు.

ఇదివరకు ఎవరి పుస్తకం వాళ్లది.
మా బెల్టు ఆగిందని టవరుకి తెలీదు,
వాళ్ల ఆకాశం నిండిందని మాకు తెలీదు.
పెళ్లింట్లో వంటవాడికీ పురోహితుడికీ
మాటల్లేనట్టుండేది.
ఇప్పుడు అందరికీ ఒకటే తెర.

శిక్షణలో చెప్పారు:
ఐరోపాలో, బ్రస్సెల్స్ అనే ఊళ్లో కూర్చుని
ఖండమంతా ఎగిరేవాటికి వంతులేస్తారట.
లిస్బన్‌లో మెట్లబండి ఆలస్యమైతే
ఆ కబురు ఏథెన్సు దాకా పోతుందట.
అందరూ రాసుకున్నారు.
నేను పెన్ను తియ్యలేదు.
మా తాత ఏలూరు కాలువ మీద లస్కరు.

తలుపు ఎత్తేముందు
లాకుల గదిలో గోడ ఫోను తిప్పి
కిందివాణ్ణి అడిగేవాడు: "అందుకుంటావా?"
అవతల ఊఁ అన్నాకే చక్రం మీద చెయ్యి.
ఎగువ రైతు ఇచ్చిన మజ్జిగ ముట్టేవాడు కాడు.
ముడితే ఆ పొలానికి
ఒక జాన ఎక్కువ లేస్తుంది తలుపు, తనకి తెలీకుండానే.

నా పని ఒక గడి నింపడం.
ఎన్నింటికి సిద్ధం?
ముప్పై నాలుగు పెట్టెలు బెల్టు మీదే ఉన్నాయి.
చక్రాల కుర్చీ నాంచారమ్మగారు
బాత్రూంలోంచి ఇంకా రాలేదు.
"ఆరూ ముప్పై అయిదు కొట్టమ్మా,
సర్దుకుందాం, వంతు పోతుంది"
మేనేజరు నా భుజం మీంచి వంగి అన్నాడు.
అందరూ అలాగే కొడతారు.
అలా కొట్టిన నిమిషాల్లో
ఆకాశంలో ఒక గడి ఖాళీగా పోతుంది,
ఎవరూ ఎగరరు అందులో.
చివరి తూము దగ్గర ఎండిన నారుమడి
నేను చూశాను, తాత సైకిలు ముందు బద్దీ మీద కూర్చుని.

ఆరూ యాభై రెండు, కొట్టాను.

తెర ఒకసారి రెప్పవేసింది.
మా వంతు ఏడూ తొమ్మిది.
ఆరూ నలభై ఏడు రాజమండ్రికి పోయింది.
మేనేజరు ఏమీ అనలేదు.
టీ కప్పు మాత్రం గట్టిగా పెట్టాడు.

చీకటి పడుతుంటే
ఉత్తరపు దిక్కున ఒక దీపం
పడమరగా జరుగుతోంది.
అదో కాదో. అదే అనుకున్నాను.
అద్దం దగ్గరికొచ్చాడు బుట్టాయన.
"అది మనది కాదు గదా?"
వంతు మనదేనండీ, విమానం వాళ్లది.
కాసేపు చూశాడు.
బుట్టలోంచి ఒక కాయ తీసి, వాసన చూసి,
నాకివ్వబోయాడు.
వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు.

ఏడింటికి
సామాను తాడుతో బూటు బిగించి కట్టుకుని
మస్తాన్‌వలి వెళ్లి విమానం ముందు నిలబడ్డాడు,
రెండు చేతుల్లో రెండు ఎర్ర దీపాలు.
టవరు అడిగింది, సిద్ధమా?
ఊఁ, అన్నాను.