ఒకే వైపు తిప్పాలి

నీళ్ళలో సోడా వెయ్యాలి,
సోడాలో నీళ్ళు కాదు.
అటూ ఇటూ అయితే బకెట్టు లేచి మొహాన కొడుతుంది
అంటుంది మా అత్త జుల్మీరా,
మణికట్టు మీద తెల్ల మచ్చ చూపిస్తూ.
ఈ చదువుకి అదొక్కటే పుస్తకం.

రెసిఫెలో, కొండ మీద,
నూట పదహారు మెట్లెక్కాక మా ఇల్లు.
దాని నెత్తిన గోడల్లేని ఒట్టి స్లాబు.
డబ్బులుంటే రెండు గదులయ్యేది.
ప్రస్తుతానికి సబ్బు కార్ఖానా.

నూనె అనక్లేటో ఇస్తాడు.
మెట్ల దిగువన పాస్టెల్ బండి అతనిది.
శనివారం రాత్రి మూకుడు చల్లారాక,
వారమంతా వేయించి వేయించి
కాఫీ రంగుకి తిరిగిన నూనెని
కూల్‌డ్రింకు సీసాల్లో పోసి
"పట్టుకుపో, కాలవలో పోస్తే ఎలకలు బలుస్తాయి" అంటాడు.
ఊరికే ఏం కాదు లెండి,
నెలకి నాలుగు కడ్డీలు అతని వాటా.

పాత బనీనులో వడకడితే
మాడిన పిండి నలుసులు, రొయ్య తోకలు,
ఒకసారి ఎవరిదో చెవిపోగు.
అత్త దాన్ని దారానికి కట్టి
వారం రోజులు బండి దగ్గర వేలాడదీసింది.
ఎవరూ రాలేదు.
ఇప్పుడది నా కూతురు తాయ్‌నారా కుడి చెవికి.
ఎడమ చెవికి ఏమీ లేదు.

మొదటిసారి నేనే కలిపాను.
"ఒకే వైపు తిప్పాలి. మధ్యలో ఆపకు.
ఎవరితోనూ పోట్లాడకు, సబ్బు విరుగుతుంది."
చీపురుకర్రతో నలభై నిమిషాలు.
తేనెపాకంలా చిక్కబడుతుండగా
ఎద్వాన్ మెట్లెక్కి వచ్చాడు.
బస్సుల్లో ఇక కండక్టర్లు అక్కర్లేదట.
కార్డు తాకిస్తే కూతపెట్టే డబ్బా చాలట.
పదిహేడేళ్ళు చిల్లర లెక్కపెట్టిన వేళ్ళు
జేబుల్లో దాచుకుని నిలబడ్డాడు.
నేను తిప్పడం ఆపానో, ఎటు తిప్పానో.
బకెట్లో నూనెదొక దారి, నీళ్ళదొక దారి.

అత్త ఏమీ అనలేదు.
మొత్తం మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించి
కర్ర తన చేతిలోకి తీసుకుంది.

కరెంటు బిల్లు వెనక తాయ్‌నారా లెక్క కట్టింది:
కొట్లో పౌడరు నెలకి ఇరవై రెండు రియాల్స్.
సోడా, స్పిరిట్, గ్యాసు కలిపి పదకొండు.
మిగులు పదకొండు.
"ఏదమ్మా ఆ పదకొండు?"
ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించను?
ఖర్చయిన డబ్బుకి వస్తువు సాక్ష్యం.
ఖర్చుకాని డబ్బుకి మొహం ఉండదు.
బియ్యం డబ్బా అడుగు
మూడు రోజులు ఆలస్యంగా కనబడిందే,
అందులో ఉందేమో చూడు అన్నాను.
నిజంగానే వెళ్ళి చూసింది పిచ్చిపిల్ల.

వానకి తడిస్తే దాని బడి చొక్కా
వేయించిన చేప వాసన వేస్తుందట.
పాస్టెల్, పాస్టెల్ అని పిలుస్తున్నారట.
అత్త బడి గేటు దాకా వెళ్ళి
ఆ పిల్లల్ని ఉతికి ఆరేసి వచ్చింది.
మర్నాడు మాత్రం ఎవరికీ చెప్పకుండా
పక్కింటి పెరట్లోంచి నిమ్మగడ్డి కోసుకొచ్చింది.
ఆ నెల సబ్బు
నిమ్మగడ్డిలో వేయించిన చేప వాసన వేసింది.

సబ్బు నెల రోజులు మాగాలి.
ఆమె అంచు మీద నాలుక కొస ఆనిస్తుంది.
చురుక్కుమంటే పచ్చిది, ఇంకో వారం.
తీగతో కోస్తుంది. కడ్డీని మళ్ళీ సగం చేస్తుంది.
అరిగిన బిళ్ళల్ని మేజోడులో వేసి ముడేస్తుంది.
లంగా ఉతికిన నీళ్ళతో మెట్లు కడుగుతుంది.
నురగ కూడా ఆమె అనుమతి లేకుండా జారిపోదు.

కానీ సోమవారం సోమవారం
ఎద్వాన్ నీలం చొక్కా బయటికి తీస్తుంది,
జేబు మీద బస్సు కంపెనీ పేరున్నది.
ఇప్పుడతను సిగ్నళ్ళ దగ్గర చల్లని నీళ్ళమ్ముతాడు
చేతుల్లేని బనీనులో.
మడత విప్పి, మురికి లేని కాలరుకి
కొత్త కడ్డీ పెట్టి రుద్దుతుంది,
ముక్క ఎంత అరిగిందో చూసుకోకుండా.
నేను చూసీ చూడనట్టుంటాను.

సాయంత్రం ఖాళీ ఐసు పెట్టెతో పైకొచ్చి
దండెం కింద నుంచి వంగి వెళ్తాడతను,
తడి చొక్కాకి తల తగలకుండా.